వంద దగ్గర వణికే కారు: కంపనం ఎక్కడ పుడుతోంది?

ఢిల్లీ ఐఐటీ పక్కనే ఉన్న జియా సరాయ్‌లో, ఇరుకు సందుల మీది అద్దె గదుల్లో గేట్ పరీక్షకు చదివేవారికి డాబా మీది వాషింగ్ మెషిన్ గోల కొత్త కాదు. తడిసిన జీన్స్ ప్యాంట్లన్నీ డ్రమ్ములో ఒక పక్కకు చేరితే, నీళ్లు పిండే దశ మొదలైన కొద్దిసేపటికి మెషిన్ గడగడా కొట్టుకుంటుంది. జానెడు దూరం జరుగుతుంది కూడా. వేగం ఇంకా పెరిగాక మాత్రం చిత్రంగా సర్దుకుని నున్నగా తిరుగుతుంది. ఆగేటప్పుడు సరిగ్గా అదే వేగం దగ్గర మరోసారి కొట్టుకుని శాంతిస్తుంది.

మెషిన్ మీద ఒక చెయ్యి వేసి పట్టుకుని, మరో చేత్తో పుస్తకంలో 'సందిగ్ధ వేగం' సూత్రం చదువుకునే విద్యార్థికి ఆ రెండూ ఒకటేనని తట్టకపోవచ్చు. మెకానికల్ విభాగం గేట్ సిలబస్‌లో అనునాదం, అవమందనం, షాఫ్టుల సందిగ్ధ వేగం వరుసగా ఉంటాయి. ఆ పాఠానికి చాలామంది తెరిచే 'మెకానికల్ వైబ్రేషన్స్' పుస్తకం రాసిన సింగిరేసు ఎస్. రావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చదివినవారు. తిరిగే యంత్రాల కంపనాలపై 'రోటార్ డైనమిక్స్' రాసిన జె.ఎస్. రావు పక్కనున్న ఐఐటీలోనే ఆచార్యులుగా పనిచేశారు. అదే ప్రాంగణంలో యంత్రాల ఒరిపిడి, కంపనం, నిర్వహణలపై దశాబ్దాలుగా పరిశోధన చేసిన కేంద్రం ఇప్పుడు ఆటోమోటివ్ పరిశోధన, ట్రైబాలజీ కేంద్రంగా కొనసాగుతోంది. అంటే హైవే మీద వణికే పాత కారుకు కావలసిన శాస్త్రమంతా ఈ సందు చుట్టుపక్కలే ఉంది. కారు షెడ్డుకు వెళ్లినప్పుడే అది అక్కరకు రాదు.

షెడ్డులో సంభాషణ సాధారణంగా ఇలా ఉంటుంది. "అన్నా, ఎనభై దాకా బాగానే ఉంటది. తొంభై దాటితే స్టీరింగ్ కొట్టుకుంటది. నూటపది దాటితే మళ్లీ తగ్గిపోతది." "అలైన్‌మెంట్ చేయించు తమ్ముడూ." అలైన్‌మెంట్ అవుతుంది, వణుకు పోదు. తర్వాత బ్యాలెన్సింగ్, తర్వాత బుష్‌లు, తర్వాత షాక్ అబ్జార్బర్లు. ఒక్కొక్కటీ మారుతూ ఉంటుంది, బిల్లు పెరుగుతూ ఉంటుంది. నిజానికి ఆ యజమాని చెప్పిన మూడు వాక్యాల్లోనే సగం నిర్ధారణ ఉంది. ఒక వేగం దగ్గర మొదలై, పెరిగి, దాటాక తగ్గే కంపనం అనునాదానికి గుర్తు. వాషింగ్ మెషిన్ చేసిందీ అదే. అలైన్‌మెంట్ తప్పితే కారు ఒక పక్కకు లాగుతుంది, టైరు ఒక అంచున అరుగుతుంది. స్టీరింగ్ ఇలా వణకడానికి అది కారణం కావడం అరుదు.

ముప్పై గ్రాములు, అయిదు కిలోలు

లెక్క చూడటానికి ఒక పాత రెండు సీట్ల కారును ఊహించుకుందాం. ఇంజన్ ముందు, శక్తి వెనుక చక్రాలకు, 195/60 ఆర్15 టైర్లు. టైరు ఒక్క చుట్టు తిరిగితే కారు సుమారు 1.9 మీటర్లు కదులుతుంది. గంటకు 100 కి.మీ. అంటే సెకనుకు 27.8 మీటర్లు. కాబట్టి చక్రం సెకనుకు దాదాపు 14.6 చుట్లు తిరుగుతుంది. పౌనఃపున్యం 14.6 హెర్ట్జ్ అన్నమాట.

ఇప్పుడు రిమ్ము అంచున, మధ్య నుంచి 19 సెంటీమీటర్ల దూరంలో, 30 గ్రాముల బరువు ఎక్కువగా ఉందనుకుందాం. బ్యాలెన్సింగ్ కోసం అతికించిన సీసం ముక్క ఊడిపోయినా ఇంతే తేడా వస్తుంది. అపకేంద్ర బలం వేగం వర్గంతో పెరుగుతుంది. 50 కి.మీ. వేగంలో ఆ ముక్క లాగే బలం 12 న్యూటన్లు, అంటే కిలో పైచిలుకు బరువుతో సమానం. 100 దగ్గర అది 48 న్యూటన్లు. అయిదు కిలోల బరువును ఎవరో సెకనుకు 14 సార్లకు పైగా పైకీ కిందికీ, ముందుకూ వెనక్కూ గుంజుతున్నట్టు.

అయినా ఒక టన్ను కారును అయిదు కిలోల బలం ఊపడం వింతే. ఊపేది కారును కాదు. స్ప్రింగు కింద వేలాడే చక్రం, హబ్బు, బ్రేకుల సమూహానికి తనదైన సహజ పౌనఃపున్యం ఉంటుంది. చాలా కార్లలో అది 10 నుంచి 15 హెర్ట్జ్ మధ్య ఉంటుంది. చక్రం తిరిగే వేగం దాన్ని చేరినప్పుడు ప్రతి గుంజూ సరైన సమయానికి పడుతుంది. ఊయలను సరైన లయలో తోస్తే చిన్నపిల్లాడి చెయ్యి చాలదూ! ఆ ఊపును మింగేయవలసినవి షాక్ అబ్జార్బర్లు, రబ్బరు బుష్‌లు. అవమందన నిష్పత్తి 0.1 ఉంటే అనునాదం దగ్గర కదలిక సుమారు అయిదు రెట్లు అవుతుంది. బుష్‌లు పగిలి, షాక్ అబ్జార్బరు నూనె కారి అది 0.05కు పడితే పది రెట్లు.

పాత కార్ల విషయంలో మెకానిక్‌లు, యజమానులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. కంపనానికి పుట్టిన చోటు ఒకటి, పెద్దదైన చోటు మరొకటి. కొత్త కారులో తెలియకుండా పోయే 15 గ్రాముల తేడా, ఢిల్లీ వేసవుల్లో ఇరవై ఏళ్లు ఎండిన బుష్‌లున్న కారులో చేతులు తిమ్మిరెక్కిస్తుంది. స్పోర్ట్స్ కార్లలో ఇది మరీ ఎక్కువ. స్టీరింగ్‌కు రోడ్డు స్పర్శ తెలియాలని తయారీదారులు మెత్తదనాన్ని ముందే తగ్గించి ఉంటారు. గోవాలో తయారైన సాన్ స్టార్మ్ లాంటి తేలికైన ఫైబర్‌గ్లాస్ కార్లలో వణుకును దాచేంత బరువు కూడా ఉండదు.

ఒక్క కారు, మూడు లయలు

కారులో తిరిగేవన్నీ ఒకే వేగంతో తిరగవు. నిర్ధారణకు ఆధారం అదే. మన ఉదాహరణ కారులో డిఫరెన్షియల్ నిష్పత్తి 4 అనుకుంటే, ప్రొపెల్లర్ షాఫ్టు చక్రం కన్నా నాలుగు రెట్లు వేగంగా, 58 హెర్ట్జ్ దగ్గర తిరుగుతుంది. అయిదో గేరు నిష్పత్తి 0.8 అయితే ఇంజన్ నిమిషానికి సుమారు 2,800 చుట్లు, అంటే 47 హెర్ట్జ్. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఒక్క చుట్టుకు రెండుసార్లు మండుతుంది కనుక దాని ప్రధాన మోత 94 హెర్ట్జ్.

ఈ మూడింటినీ శరీరం వేర్వేరుగా గుర్తిస్తుంది. 14 హెర్ట్జ్ చెవికి వినబడదు, చేతికీ నడుముకూ తెలుస్తుంది. 58 హెర్ట్జ్ సీటు కింద జుమ్మనే నాదం. 94 హెర్ట్జ్ క్యాబిన్ అంతా నిండే గుమ్మనే శబ్దం. "వణుకుతోందా, జుమ్మంటోందా?" అని అడిగే మెకానిక్ దొరికితే ఆ షెడ్డు వదలకూడదు.

మొదటి పరీక్ష ఖర్చు లేనిది. ఖాళీగా, తిన్నగా ఉన్న రోడ్డు మీద ఒకే వేగంలో అయిదో గేరులో ఒకసారి, నాలుగో గేరులో ఒకసారి నడపాలి. గేరు మారితే ఇంజన్ వేగం మారుతుంది, చక్రం వేగం మారదు. వణుకు లయ మారకపోతే ఇంజన్ తప్పు కాదు. తర్వాత కాసేపు న్యూట్రల్‌లో వదలాలి. తాళం మాత్రం ఆఫ్ చేయకూడదు. బ్రేకు బలం తగ్గుతుంది, స్టీరింగ్ బిగుసుకుపోవచ్చు. న్యూట్రల్‌లోనూ వణుకు ఉంటే ఇంజన్, క్లచ్ జాబితా నుంచి తొలగిపోయినట్టే. ప్రొపెల్లర్ షాఫ్టు మాత్రం తొలగిపోదు, ఎందుకంటే చక్రాలు దాన్ని తిప్పుతూనే ఉంటాయి. ఈ చిన్న తేడా మరిచి షాఫ్టును నిర్దోషిగా వదిలేసేవారు చాలామంది.

దీనికి ఒక మినహాయింపు ఉంది, పాత స్పోర్ట్స్ కార్ల అభిమానులకు అది తెలిసి ఉండాలి. పోర్షె 924, 944 నమూనాల్లో ఇంజన్, క్లచ్ ముందుంటాయి, గేర్‌బాక్సు వెనుక ఉంటుంది. రెంటినీ కలిపే సన్నని షాఫ్టు ఒక గొట్టంలో బేరింగుల మీద తిరుగుతుంది. అది గేర్‌బాక్సుకు ముందే ఉంది కనుక ఇంజన్ వేగంతోనే తిరుగుతుంది. ఆ బేరింగులు పాడైతే గేరు మార్చగానే లయ మారుతుంది, అందరూ ఇంజన్‌ను అనుమానిస్తారు. అదే కారును నిలబెట్టి, క్లచ్ మీద కాలు తీసి, న్యూట్రల్‌లో రేస్ చేస్తే చప్పుడు వస్తుంది. క్లచ్ నొక్కితే షాఫ్టు ఇంజన్ నుంచి విడిపోతుంది, చప్పుడు పోతుంది.

రోడ్డు వల్ల వచ్చే వణుకునూ ముందే పక్కన పెట్టాలి. యమునా ఎక్స్‌ప్రెస్‌వే 165 కి.మీ. పొడవునా కాంక్రీటు రోడ్డు. కాంక్రీటు పలకల అతుకులు 4.5 మీటర్లకు ఒకటి చొప్పున ఉంటే, 100 కి.మీ. వేగంలో సెకనుకు ఆరుసార్లు తడతాయి. తారు రోడ్డు ఎక్కగానే మాయమయ్యే వణుకు కారుది కాదు.

జేబులోని కంపన మాపకం

ఒకప్పుడు ప్రయోగశాలకే పరిమితమైన త్వరణ మాపకం ఇప్పుడు ప్రతి స్మార్ట్‌ఫోన్‌లో ఉంది. జర్మనీలోని ఆర్‌డబ్ల్యూటీహెచ్ ఆహెన్ విశ్వవిద్యాలయం రూపొందించిన ఉచిత యాప్ ఫైఫాక్స్, ఆ మాపకం చదివిన అంకెలను పౌనఃపున్యాలుగా విడగొట్టి చూపిస్తుంది. ఫోన్‌ను డ్యాష్‌బోర్డు మీదో, సీటు పట్టాల దగ్గరో గట్టిగా అతికించి, పక్క సీటులోని మనిషి చేత రికార్డు చేయించాలి. పది సెకన్ల పాటు వేగం నిలకడగా ఉంటే 0.1 హెర్ట్జ్ తేడా కూడా తెలుస్తుంది. 14.6 దగ్గర శిఖరం కనిపిస్తే చక్రం. 29 దగ్గర కనిపిస్తే కూడా చక్రమే, కానీ అది ఒక్క చుట్టుకు రెండు దెబ్బలు. అలాంటప్పుడు బరువు తేడా కన్నా టైరు కోడిగుడ్డు ఆకారంలోకి మారిందేమో చూడాలి.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. కొన్ని ఫోన్లు సెకనుకు 100 సార్లు మాత్రమే కొలత తీసుకుంటాయి. అలాంటి ఫోన్ 50 హెర్ట్జ్‌కు మించిన కంపనాన్ని సరిగా చూడలేదు. చూడకుండా ఊరుకుంటే పరవాలేదు, తప్పుగా చూపే అవకాశం ఉంది. 58 హెర్ట్జ్ దగ్గర కొట్టుకునే ప్రొపెల్లర్ షాఫ్టు, ఆ ఫోన్‌లో 42 హెర్ట్జ్ దగ్గర దొంగ శిఖరంగా తేలవచ్చు. సినిమాలో బండి చక్రం వెనక్కు తిరిగినట్టు కనిపించడానికీ ఇదే కారణం. సెకనుకు ఎన్ని కొలతలు వస్తున్నాయో ముందుగా చూడాలి. అనుమానం ఉంటే కారు వేగం పెంచి చూడాలి. నిజమైన శిఖరం వేగంతో పాటు పైకి జరుగుతుంది. ఇలా ముడుచుకున్న దొంగ శిఖరం కిందికి జరుగుతుంది.

వచ్చి పోయే వణుకు గురించి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే యజమానులను ఎక్కువగా విసిగించేది అదే. షెడ్డు వాడిని ఎక్కించుకోగానే మాయమవుతుంది, దించగానే మొదలవుతుంది. వెనుక రెండు చక్రాల్లోనూ కాస్త తేడా ఉండి, ఒక టైరు మరో దానికన్నా అర శాతం అరిగి ఉందనుకుందాం. రెంటి పౌనఃపున్యాల్లో తేడా 0.07 హెర్ట్జ్. రెండు గుంజులూ కలిసినప్పుడు వణుకు రెట్టింపు, ఎదురుపడినప్పుడు దాదాపు సున్నా. ఒక వలయానికి పద్నాలుగు సెకన్లు. వంపు తిరిగితే బయటి చక్రం ఎక్కువ తిరుగుతుంది కనుక ఆ వలయం చెదిరిపోతుంది. 'స్పందనాలు' అనే భౌతికశాస్త్ర పాఠాన్ని రెండు శృతి దండాలతో చూపిస్తారు. పాత కారుతోనూ చూపించవచ్చు.

మెషిన్ సున్నా చూపిస్తుంది, కారు ఊగుతుంది

నాలుగు చక్రాలూ బ్యాలెన్సింగ్ మెషిన్ మీద 'సున్నా' వచ్చాక కూడా 14.6 దగ్గర శిఖరం అలాగే ఉందనుకుందాం. అప్పుడు చూడవలసింది చక్రాన్ని కాదు, దాన్ని కారు ఎలా పట్టుకుందో. పాత స్పోర్ట్స్ కార్లకు మార్కెట్‌లో కొన్న అలాయ్ చక్రాలు సర్వసాధారణం. వాటి మధ్య రంధ్రం అన్ని కార్లకూ సరిపోయేలా పెద్దదిగా ఉంటుంది. కారు హబ్బు అంతకన్నా చిన్నది. మధ్యలో ఉండాల్సిన రింగు లేకపోతే చక్రం బోల్టుల మీదే ఆనుకుని అర మిల్లీమీటరు పక్కకు కూర్చోవచ్చు. టైరుతో కలిపి 18 కిలోల చక్రం అర మిల్లీమీటరు జరిగితే, 100 కి.మీ. దగ్గర పుట్టే బలం 76 న్యూటన్లు. ఇందాకటి 30 గ్రాముల ముక్క బలానికి ఒకటిన్నర రెట్లు. బ్యాలెన్సింగ్ మెషిన్ శంకువు ఆకారపు బిగింపుతో చక్రాన్ని సరిగ్గా మధ్యకు తెచ్చి తిప్పుతుంది కనుక దానికి ఏ తప్పూ కనబడదు. మెషిన్ అబద్ధం చెప్పడం లేదు. అది చూసిన చక్రం, కారు మీద తిరిగే చక్రం ఒక చోట కూర్చోలేదు, అంతే. ప్లాస్టిక్ రింగు ఖరీదు ఒక భోజనం ఖర్చుకు మించదు.

ముందు చక్రాలను వెనక్కి, వెనుకవి ముందుకి మార్చి చూడటం మరో చవకైన పరీక్ష, నాలుగూ ఒకే కొలత అయితే. వణుకు స్టీరింగ్ నుంచి సీటుకు జరిగిందంటే తప్పు చక్రంలోనో టైరులోనో ఉంది. జరగకపోతే హబ్బు, బేరింగు, స్టీరింగ్ జాయింట్ల వైపు చూడాలి. బ్రేకు నొక్కినప్పుడు మాత్రమే వణికితే కథ వేరు. డిస్కు మందంలో కొన్ని పదుల మైక్రాన్ల తేడా, తల వెంట్రుక మందం కన్నా తక్కువ, చాలు.

శిఖరం 58 దగ్గర ఉంటే జియా సరాయ్ సూత్రం పనికొస్తుంది. షాఫ్టు సందిగ్ధ వేగం దాని పొడవు వర్గానికి విలోమంగా ఉంటుంది. 65 మి.మీ. వ్యాసం, 2 మి.మీ. మందం ఉన్న ఉక్కు గొట్టం 1.3 మీటర్ల పొడవుంటే అది నిమిషానికి సుమారు 6,300 చుట్ల దగ్గర విల్లులా వంగి తిరుగుతుంది. అదే గొట్టం 1.5 మీటర్లు అయితే 4,800 దగ్గరే. మన కారులో అది 136 కి.మీ. వేగం. పొడవైన షాఫ్టును రెండు ముక్కలు చేసి మధ్యలో బేరింగు పెట్టేది అందుకే. ఆ బేరింగు చుట్టూ ఉన్న రబ్బరు చిరిగితే షాఫ్టు ఆ మేరకు వదులై, దాని సందిగ్ధ వేగం రోజూ నడిపే వేగాల వైపు దిగివస్తుంది.

1869లో రాంకిన్ ఒక హద్దు దాటి షాఫ్టు తిరగడమే సాధ్యం కాదన్నాడు. కొన్నేళ్లకే స్వీడన్ ఇంజనీరు ద లావల్ తన ఆవిరి టర్బైన్‌ను సన్నని, వంగే షాఫ్టు మీద ఆ హద్దు దాటించి నడిపాడు. అది ఎలా సాధ్యమైందో 1919లో జెఫ్‌కాట్ గణితంతో వివరించాడు. వాషింగ్ మెషిన్ వేగం పెరిగాక సర్దుకోవడం వెనుక ఉన్నదీ ఆ గణితమే. కానీ కారు షాఫ్టును ఆ హద్దు దాటించే సాహసం ఎవరూ చేయరు. విరిగితే అది ఉండేది మనిషి కూర్చున్న సీటు పక్కనే.

షాఫ్టులో మరో నేరస్థుడు, మెకానిక్‌లు 'క్రాస్' అనే యూనివర్సల్ జాయింటు. కోణంలో తిరిగే క్రాస్ వేగాన్ని సమంగా అందించదు. ఒక్క చుట్టులో రెండుసార్లు పెంచి, రెండుసార్లు తగ్గిస్తుంది. 10 డిగ్రీల కోణానికి ఆ తేడా అటూ ఇటూ ఒకటిన్నర శాతం. రెండో చివర ఉన్న క్రాస్ దాన్ని సరిగ్గా రద్దు చేస్తుంది, రెండు చివరల చెవులు ఒకే తలంలో ఉంటేనే. క్లచ్ ప్లేటు మార్చడానికి షాఫ్టు విప్పి, బిగించేటప్పుడు స్ప్లైన్ పళ్లు ఒకటి రెండు అటూ ఇటూ అయితే రద్దు కావడం పోయి, 117 హెర్ట్జ్ దగ్గర కొత్త జుమ్మనే శబ్దం మొదలవుతుంది. విజయవాడ ఆటోనగర్ అయినా, ఢిల్లీ కశ్మీరీ గేట్ అయినా, అనుభవం ఉన్న మేస్త్రీ షాఫ్టు విప్పే ముందు రెండు ముక్కల మీదా పెయింటుతో ఒక గీత గీస్తాడు. "క్లచ్ చేయించినప్పటి నుంచి వస్తోంది" అన్న మాట వినగానే వెతకవలసింది ఆ గీతనే.

ఎప్పుడు ఆపాలి?

ఇవన్నీ తీరిగ్గా వెతికే జబ్బులు. తీరిక ఇవ్వనివి రెండున్నాయి. మొదటిది చక్రం నట్లు వదులవడం. చక్రం మార్చిన కొద్ది కిలోమీటర్లకే మొదలై పెరిగే వణుకు అదే కావచ్చు. రెండోది టైరు లోపలి ఉక్కు తీగల పొర విడిపోవడం. పాత స్పోర్ట్స్ కార్లు తిరిగేదానికన్నా నిలబడేది ఎక్కువ. పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ వాహనాలపై ఢిల్లీలో 2018 నాటి సుప్రీంకోర్టు ఆదేశం తర్వాత నిబంధనలు మారుతూ వచ్చిన కాలంలో చాలా కార్లు గుడ్డ కప్పుకుని నెలల తరబడి ఒకే చోట ఉండిపోయాయి. అలా నిలబడ్డ టైరు అడుగున చదునవుతుంది. మొదటి పది ఇరవై కిలోమీటర్లు వణికి, వేడెక్కాక తగ్గితే అది చాలావరకు ఆ చదునే. వేడెక్కే కొద్దీ పెరిగితే, తక్కువ వేగంలోనూ కారు కుంటినట్టు ఉంటే, అది పొర విడిపోతున్న టైరు కావచ్చు.

అప్పుడు కారును మెల్లగా రోడ్డు అంచుకు తీసి ఆపి, టైరు చల్లారాక అరచేత్తో చుట్టూ తడమాలి. ఎక్కడైనా బొడిపె తగిలితే ఆ టైరు మీద మరో కిలోమీటరు కూడా వెళ్లకూడదు. టైరు పక్క గోడ మీద అండాకారపు గడిలో నాలుగు అంకెలుంటాయి. 2314 అని ఉంటే అది 2014లో 23వ వారంలో తయారైంది. గాడులు ఎంత లోతుగా కనిపిస్తున్నా రబ్బరు వయసు మాత్రం అదే. ఎప్పుడో ఒకసారి నడిచే కార్లలో గాడులు కొత్తవాటిలా ఉండగానే రబ్బరు ముసలిదవుతుంది. అందుకే బ్యాలెన్సింగ్‌కు ఇచ్చే ముందే ఆ నాలుగు అంకెలు చూడాలి, స్టెప్నీతో సహా.